రెండో టెర్మినల్

నానక్‌రామ్‌గూడ ఆఫీసులో అందరూ వెళ్లిపోయాక తేజస్విని ఒక్కతే మిగిలింది. జీడిమెట్లలోని ఒక మందుల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ల నాటి మినీకంప్యూటర్ పాడైపోయింది. దాని టేపుల్లోని ఫార్ములాలు బయటికి రావాలంటే ఆ యంత్రాన్ని తన ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్‌గా మళ్లీ నడిపించాలి. ప్రాసెసర్ నెల రోజుల్లో లొంగింది. దాని టెర్మినల్, అంటే మనిషి కూర్చుని టైపు చేసే తెరా కీబోర్డూ, మాత్రం ఐదు నెలలు ఏడిపించింది. ల్యాప్‌టాప్ మరీ వేగంగా జవాబివ్వడంతో పాత ప్రోగ్రాం తికమకపడి ఆగిపోయేది.

ఈ రాత్రి ఒక్కో అక్షరానికీ కావాలనే కాస్త ఆలస్యం పెట్టింది. తెర మీద ‘రెడీ’ అని వచ్చింది. ఒకప్పుడు ఆ యంత్రాన్ని నడిపిన నారాయణప్పకు వెంటనే ఫోన్ చేసింది.

“సార్, మీ మిషన్ లేచింది.”

“నిజమామ్మా? ఇన్నేండ్లకా?”

అంతలో ల్యాప్‌టాప్‌లోంచి గంట మోగింది.

“రెండో టెర్మినల్ గూడా పెట్టినావా? ఆ గంట దానిదే.”

“లేదు సార్. ఒక్కదానికే కోడ్ రాశాను. గంటకు అసలు రాయనే లేదు.”

తెర మీద అక్షరాలు రావడం మొదలైంది. ఎవరో వెతుక్కుంటూ ఒంటి వేలితో నొక్కుతున్నట్టు, ఆగి ఆగి వస్తున్నాయి. ‘ఎవరక్కడ’ అని ఇంగ్లీషులో అడుగుతున్నాయి. ఆమె అది పైకి చదివింది.

“ఆపేయి తల్లీ,” అన్నాడు నారాయణప్ప మెల్లగా. “ఆ టెర్మినల్ కాడ కూచునేవాన్ని నేనెరుగుదును. వాడిప్పుడు లేడు.”

తేజస్విని వేలు పవర్ బటన్ మీదికి వెళ్లింది. అయినా ఐదు నెలల్లో అటునుంచి ఎవరైనా పలకడం ఇదే మొదటిసారి. కుర్చీ ముందుకు లాక్కుని తన పేరు టైపు చేయసాగింది.