జ్వరంతో పోయినవాళ్లు

"జొరమని రాసీసినావా? కొట్టీ బాబూ, అది కొట్టీ!"

మగ్దలేనమ్మ ఒక్క ఉదుటున లేచి వచ్చి రోనాల్డ్ చేతిలోని ట్యాబ్ మీద అరచెయ్యి పెట్టేసింది. అరుగు మీద ఆరబోసిన మిరియాలు ఆమె కాలు తగిలి చెల్లాచెదురయ్యాయి.

రోనాల్డ్ విశాఖపట్నం నుంచి వచ్చిన సర్వే మనిషి. హుకుంపేట దాటాక కొండ మీదున్న ఆ ఊళ్లో, ఏడాదిలోపు చావు జరిగిన ఇళ్లన్నీ తిరుగుతున్నాడు. ఈ ఇంట్లో పోయినవాడు ఇరవై నాలుగేళ్ల జాకబ్. జ్వరమని చెప్పింది తండ్రి వరప్రసాదం.

"నువ్వు లోపలికెల్లు" అన్నాడతను భార్యతో.

"ఎల్లను. ఆడు జొరంతో పోలేదు. తాగి తాగి పోనాడు. అదే రాయాల."

"సచ్చినోడి మీద నింద ఏటికే? సర్చిలో తలెత్తుకు తిరగాలా, వద్దా?"

ఆమె వినిపించుకోలేదు. "ఈ లెక్క ఎక్కడికెల్తాది బాబూ?"

"చాలా దూరం వెళ్తుందమ్మా. ఏ దేశంలో తాగుడు వల్ల లక్షమందిలో ఎంతమంది పోతున్నారో పక్కపక్కన పెట్టి చూస్తారు. కొన్ని దేశాల అంకెలు చూస్తే భయమేస్తుంది."

"మరి మన కాడో?"

"ఈ కొండల్లో నాలుగు ఊళ్లు తిరిగాను. ఒక్కరంటే ఒక్కరు లేరు."

"ఎందుకుంతారు? మా కాడ అందరూ జొరంతోనే పోతారు. ఎదురింటి పోతురాజుకి జొరం. ఆడి తమ్ముడికి జొరం. తాగీసి కల్వర్టు కింద పడి సచ్చినోడిక్కూడా జొరమే. ఆ దేశాలోల్లు మన అంకె సూసి, అబ్బ, ఈ కొండోల్లు ఎంత బుద్ధిమంతులో అనుకుంతారు."

"నోరు ముయ్యి మగ్దలేనా!" అరిచాడు వరప్రసాదం. "బాబూ, జొరమని రాసుకుని బేగి ఎల్లిపో. నీకు దండం పెడతాను." నిజంగానే చేతులెత్తాడు.

రోనాల్డ్‌కు అతణ్ని చూస్తే అసహ్యం వేసింది. కన్నకొడుకు కన్నా పరువే ఎక్కువైంది ఈ మనిషికి. అతను తల్లి వైపు తిరిగి కూర్చున్నాడు.

"మీరు చెప్పండమ్మా. కళ్లు పచ్చబడ్డాయా?"

"పసుపు రాసినట్టుండేవి."

"పొట్ట?"

"నీళ్లు పట్టీసి ఇంతైపోనాది. కాళ్లు పుల్లలు. ఆకర్న గిన్నెడు రగతం కక్కుకున్నాడు. కడిగింది నాను."

రోనాల్డ్ జ్వరం తీసేసి, కారణం దగ్గర మద్యం అని నొక్కి, తెర ఆమె వైపు తిప్పాడు.

"ఆడి పేరు ఉంతాదా ఇందులో?"

"పేరు ఉండదమ్మా. ఒక అంకె, అంతే."

"అంకెయినా సరే." ఆమెకు చదువు రాదు. అయినా ఆ అక్షరాలనే చూస్తూ నిలబడింది.

వరప్రసాదం కిందకి వంగి, మట్టిలో పడ్డ మిరియాలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు.

"మీలాంటి తల్లి ఊరికొక్కరుంటే చాలు, లెక్క నిజమవుతుంది" అన్నాడు రోనాల్డ్. "ఇంకొక్క ప్రశ్నే ఉంది. జాకబ్ తాగింది ఎక్కణ్నుంచి వచ్చేది? షాపు నుంచా, బెల్టు షాపు నుంచా, లేక ఇంట్లో కాసే సారానా?"

మిరియాలు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది.

"సెప్పకే" అన్నాడు వరప్రసాదం, తలెత్తకుండా. అతను ఏడుస్తున్నాడు. "నీ కాళ్లట్టుకుంతాను, సెప్పకే."

"ఇంటి సారాయే బాబూ" అంది మగ్దలేనమ్మ. "కాసింది నానే."