ఎడమ తలుపు గీతలు

"కరెంటు లేదు. పాలిష్ మిషన్ నడవది. రేపు రా."

ఇబ్రహీం మాటకు సదానందం నెత్తి పట్టుకున్నాడు.

"రేపటిదాంక నా నౌకరి ఉండది భాయ్! సారు సాయంత్రం హైదరాబాద్ నుంచి దిగుతడు. దిగంగనే కారు సుట్టూ తిరిగి చూస్తడు."

"నేనేం జెయ్యాలె? బొగ్గుబాయిలు బందైనయ్. కరెంటు నేనేమన్న జేబుల పెట్టుకున్ననా?"

ఆ షెడ్డు జనగామ చౌరస్తాలో ఉంది. పక్కనే ప్రత్యేక రాష్ట్రం కోసం వేసిన సమ్మె శిబిరం. అక్కడి మైకు మోగినప్పుడల్లా సదానందానికి ఒళ్లు మండుతోంది.

సమ్మె లేకుంటే బస్సులు నడిచేవి. బస్సులు నడిస్తే, ఎనిమిది రోజుల కింద నొప్పులు పడుతున్న భార్యను దవాఖానకు చేర్చడానికి సారు కారును చెప్పకుండా బయటికి తీసే గతి పట్టేది కాదు. ఈ సంగతి అతను ఇబ్రహీంకు కూడా చెప్పలేదు. ఒకరికి చెబితే సారు చెవిన పడదన్న నమ్మకమేముంది?

నల్లటి కారు. వెనక ఎడమ తలుపు మీద మాత్రం పిల్లి రక్కినట్టు తెల్లటి గీతలు.

"చేత్తోని రుద్దితే పోతయి."

వెనక నుంచి ఎవరో అన్నారు. నలభై అయిదేళ్ల మనిషి. మాసిన నిండుచేతుల అంగీ.

జీపు కింద దూరుతూ ఇబ్రహీం అరిచాడు. "పాలిష్ డబ్బా గూట్ల ఉంది, తీస్కో!"

ఇన్నాళ్లకు ఈ షెడ్డులో పనిచేసేవాడొకడు దొరికాడనుకున్నాడు సదానందం.

"గంటల అయితదా?"

"రెండయితయి తమ్మీ."

ఆ మనిషి అంగీ చేతులు మడిచి తలుపు ముందు కూర్చున్నాడు. పాత గుడ్డ పీలిక చింపి, కుడిచేతి ఇనుప కడియానికి గట్టిగా చుట్టాడు.

"పని మొదలువెట్టవయ్యా! గిదేంది?"

"కడెం తాకితే గీతలు పడ్తయి."

తలుపు కడిగి, తుడిచి, ఒక్కో గీత మీదా గోటికొస పెట్టి చూశాడు.

"గోరు ఆగకుంటే గీత పోతది. ఆగితే లోతుది, పూరాగ పోదు."

ఎడమచేత్తో రుద్దసాగాడు. అరచేయంత జాగా రుద్దడం, తుడవడం, తల వంచి వెలుతురుకు చూడడం, మళ్లీ రుద్దడం. కుడిచెయ్యి ఒళ్లోనే ఉంది. మోచేతి దాకా వాచి ఉంది.

సదానందం గడియారం చూశాడు. ఓపిక నశించింది.

"ఎడమచేత్తో ముద్ద తిన్నట్టు గదేం రుద్దుడు? ఆ చెయ్యికేమైంది?"

"దెబ్బ తాకింది."

"తాగి పడ్డవా?"

ఆ మనిషి చిన్నగా నవ్వాడు. "పడలే."

"తాగుబోతోని వల్లనే నాకీ తిప్పలు! రఘునాథపల్లి కాడ రాస్తారోకో. జనం, లాఠీలు, రాళ్లు. గంతల ఒకడొచ్చి ఈ తలుపు పట్టుకున్నడు. దిగి కొడ్దమంటే కారు ఆపేటట్టు లేదు. నోటికొచ్చింది తిట్టిన. తలుపు ఇడుస్తడా? చేతుల మేకుందో, ఏముందో! ఒక్క తలుపు మీదనే గీకిండు, పాత పగ ఉన్నట్టు. వాని చేతులు ఇరగ!"

గుడ్డ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"నీకు గీ పని ఎట్లొచ్చె?" అన్నాడు సదానందం, తిట్టి తిట్టి అలసిపోయి.

"పట్నంల పదేండ్లు కార్లు రుద్దిన. మాది గూడూరు దిక్కు తండా."

రెండు గంటలకు తలుపు అద్దమైంది. కిటికీ అంచు కింద వెంట్రుకంత గీత ఒక్కటి మిగిలింది.

"గిది?"

"లోతుది. ఇంక రుద్దితే రంగు లేస్తది. ఎతికితెనే కనబడ్తది తమ్మీ, రంది పడకు."

చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అడిగాడు. "తల్లీబిడ్డ మంచిగున్నరా?"

"ఉన్నరు, ఉన్నరు. జర పక్కకు జరుగు, కారు తియ్యాలె."

ఆ మనిషి జరిగాడు. రోడ్డు మీద ఊరేగింపు పోతోంది. అందులో కలిసిపోయాడు.

ఇబ్రహీం జీపు కింద నుంచి బయటికొచ్చి తలుపు చూశాడు. "వహ్వా! నీ మనిషి పనిమంతుడే."

"నా మనిషేంది? నీ పనోడు గాదా?"

"నాకు పనోడెక్కడిది? నువ్వు ఎంట తెచ్చుకున్నవనుకుంటి."

"ఎవడో పిచ్చోడు," అనేసి సదానందం దవాఖానకు తోలాడు. సారు వచ్చేలోగా భార్యను ఇంట్లో దింపాలి.

రజిత బిడ్డను ఎత్తుకుని వచ్చింది. తలుపు తీయబోయి ఆగింది.

"గీతలు తీపిచ్చినవా?"

"తియ్యకుంటే కొలువు తీస్తరు. ఎక్కు, టైం లేదు."

ఆమె వేలు కిటికీ అంచు కిందికి పోయింది. మిగిలిన గీత దగ్గర ఆగింది.

"ఆయిన చెయ్యి గీడనే ఉండె."

"ఎవలి చెయ్యి?"

"నా తలకాయ అద్దానికి ఆని ఉండె. రాళ్లు పడ్తుంటె ఒకాయిన చెయ్యి అడ్డం పెట్టిండు. దెబ్బలు తాకినా తియ్యలే. జనం దాటేదాంక మనెంబడి ఉరికిండు. ఆయిన కడెం తలుపుకు రాసుకుంటుంటె, ఆ సప్పుడే ఇనుకుంట పానం పట్టుకున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పనిచ్చినవా? ఎనిమిది దినాల సంది గీతలు, గీతలు, తాగుబోతు!"

సదానందం ఆ గీత మీద గోరు పెట్టాడు. గోరు ఆగింది.

బిడ్డ పుట్టిన సంగతి ఆ షెడ్డులో అతను ఎవరికీ చెప్పలేదు.

కడియానికి గుడ్డ చుట్టుకుని, వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, రెండు గంటల సేపు తల వంచుకుని తన తిట్లన్నీ విన్నది ఆ తలుపు పట్టుకున్న మనిషే.