ట్యూబులైటు నవ్వు

“తీసెయ్ కత్తెరా! నీకో దణ్ణం, ఇంకోసారి వినిపించకు,” అన్నాడు కండక్టరు రెండు చెవులూ మూసుకుని.

కత్తెర అసలు పేరు అక్కడెవరికీ గుర్తులేదు. పాత టేపుల్లోని గరగరలు, దగ్గులు కత్తిరించి శుభ్రం చేయడం అతని పని. టీవీలు బాగుచేసే కొట్టు వెనక ఇరుకు గదిలో ఆ మధ్యాహ్నం అతనితో కలిపి నలుగురున్నారు. ఎదురుగా తెర మీద ముప్పై ఏళ్ళ కిందటి హాస్య సీరియల్ ‘రైలాగని ఊరు’ నడుస్తోంది. ఒక చిన్న ఊళ్ళో ఏ రైలూ ఆగని స్టేషను, అయినా రోజూ ఇస్త్రీ బట్టలతో ముస్తాబై నిలబడే స్టేషను మాస్టరు, మోయడానికి సామాన్లే లేని పోర్టరు. అప్పట్లో హాల్లో జనాన్ని కూర్చోబెట్టి తీసేవారు. వాళ్ళ నవ్వులు కూడా టేపులోకి ఎక్కేశాయి.

అన్ని నవ్వులతోనూ పేచీ లేదు. ఒక్కదానితోనే. హాలంతా నవ్వి ఊరుకున్నాక, తర్వాతి మాట మొదలవుతుండగా ఒక మగగొంతు ఒంటరిగా “హ్హే... హ్హే” అని మొరటుగా నవ్వేది. అభిమానులు దానికి ‘ట్యూబులైటు’ అని పేరు పెట్టుకున్నారు.

“స్టేషను మాస్టరు జెండా తిరగేసి పట్టుకుని ‘రైలు నన్ను చూసి సిగ్గుపడింది’ అంటాడే, దానికి పోర్టరు ఏం జవాబు చెప్పాడో నాకింతవరకూ తెలీదు,” అన్నాడు కండక్టరు. “ఈ ట్యూబులైటుగాడి నవ్వులో కొట్టుకుపోయింది. బస్సులో టిక్కెట్లు కొడుతూ కూడా అదే ఆలోచన నాకు.”

“రాసినవాడి తప్పులూ తక్కువేం కాదులే. రెండో ఏడాది నుంచి ఒకే జోకుని తిప్పితిప్పి వడ్డించాడు,” అన్నారు లెక్కల మాస్టారు. అభిమానుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. “కానీ చివరి భాగం! రైలు నిజంగానే ఆగి, ఎక్కేవాడు లేక వెళ్ళిపోతుంది చూడు... దానికి సాటి లేదు.”

“నాకు నచ్చదు,” అంది పెద్దమ్మ.

ఆవిడ ఒకప్పుడు బట్టలు కుట్టేది. ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి, ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు సంచి ఒళ్ళో పెట్టుకుని చివరి కుర్చీలో కూర్చునేది.

“వెళ్ళిపోవడాలు చూడ్డానికి టీవీ ఎందుకు మాస్టారూ, బయట కరువా? పైగా అందులో ఆ నవ్వు లేదు.”

మాస్టారూ కండక్టరూ గొల్లుమని నవ్వారు.

“పెద్దమ్మా, ట్యూబులైటంటే నీకంత ముద్దేంటి?” అన్నాడు కండక్టరు.

“నవ్వితే నవ్వాడు. కొట్టాడా, తిట్టాడా? ఉండనివ్వండయ్యా.”

“రేపటి సభలో అందరికీ శుభ్రమైన కాపీలు ఇస్తామని మాటిచ్చాం పెద్దమ్మా,” అన్నారు మాస్టారు. “టేపులు బూజుపట్టి పోయాయి. ఇక మిగిలేది కత్తెర చేసే ఈ కాపీయే.”

“అందుకే కదా అడుగుతున్నాను!” అందావిడ. “ఇందులోంచి తీసేస్తే ఇంకెక్కడా ఉండదు.”

“ఉండకూడదనేగా మా బాధ!” అన్నాడు కండక్టరు.

“ట్యూబులైటే అయితే అన్నిచోట్లా ఆలస్యంగానే నవ్వాలిగా? స్టేషను మాస్టరు సున్నం బాల్చీతో సహా నిచ్చెన మీంచి పడ్డప్పుడు వినండి. అందరితోపాటే నవ్వాడు,” అంది పెద్దమ్మ.

“నిచ్చెన మీంచి పడితే గేదె కూడా నవ్వుతుంది,” అన్నాడు కండక్టరు.

మాస్టారు చేతులెత్తమన్నారు. తీసెయ్యమని రెండు చేతులు లేచాయి. వద్దని ఒకటి. కత్తెర ఎటూ ఎత్తలేదు. సాయంత్రానికల్లా అయిపోవాలని చెప్పి, సభకి అద్దె కుర్చీలు మాట్లాడ్డానికి మాస్టారూ కండక్టరూ వెళ్ళిపోయారు.

పెద్దమ్మ కదల్లేదు.

కత్తెరకి మనసొప్పలేదు. “మీకు ఆ నవ్వులున్న కాపీ విడిగా ఇస్తాను పెద్దమ్మా. ఎవరికీ చెప్పను.”

“నా దగ్గర ఎన్నాళ్ళుంటుంది నాయనా? నేను పోయాక దాన్నెవరు వింటారు? ఈ సీరియల్ చూసే ప్రతి ఇంట్లోనూ అది వినపడాలి.”

అతను హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటి నవ్వు దగ్గర ఆపాడు. కత్తిరించే ముందు కొలవడం అలవాటు. చిన్న జోకుకి రెండు సెకన్లు ఆలస్యం. పెద్ద జోకుకి ఆరు. ఇంకోదానికి నాలుగు. విచిత్రంగా తోచి ధ్వని పెంచాడు. జోకుకీ నవ్వుకీ మధ్య సన్నగా గాజుల చప్పుడు. గబగబా, కాస్త ఆగి, మళ్ళీ గబగబా. ఇంకోచోట విన్నాడు. అక్కడా అదే. గాజులు సద్దుమణిగాకే నవ్వు.

హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ వైపు తిరిగాడు.

“ఎవరు పెద్దమ్మా ఆయన?”

వాళ్ళు తిరిగొస్తున్నారేమోనని ఆవిడ తలుపు వైపు చూసింది.

“మా ఆయన. నాకు నవ్వులంటే ఇష్టమని వారం వారం హాలుకి టిక్కెట్లు పట్టుకొచ్చేవాడు. చివరి భాగం తీసేనాటికి లేడు.”

“మరి ఇన్నేళ్ళూ వీళ్ళు ట్యూబులైటని ఏడిపిస్తుంటే ఒక్కమాట చెప్పకూడదూ?”

“చెబితే జాలిపడతారు. జాలిపడితే ఆయనకి ఒళ్ళుమంట. ఎగతాళే నయం, అందులో నవ్వన్నా ఉంది.”

కత్తెర మౌసు మీంచి చెయ్యి తీసేశాడు.

“తియ్యనులెండి. మాస్టారు తిడితే నేను పడతాను. కానీ నాకొక్కటి చెప్పండి పెద్దమ్మా, పక్కనే మీరుండి కూడా ఆయనకి జోకు అంత ఆలస్యంగా ఎందుకర్థమయ్యేది?”

“ఆయనకి పుట్టుకతోనే వినపడదు నాయనా, నేను చేతులతో చెప్పేదాన్ని.”