అడ్డు

"ఆ అడ్డు తీసేస్తే గానీ ఈ ఇంట్లో మనశ్శాంతి ఉండదురా."

వంటగది బయట మెకానిక్ ఆగిపోయాడు. లోపల అతని భార్య తన ఫోను స్పీకర్లో పెట్టి తమ్ముడితో మాట్లాడుతోంది. కుళాయి పారుతోంది. మాటలు సగమే వినబడుతున్నాయి. సైలెన్సర్లు ఊడదీసిన బండ్ల రొదలో ఏళ్ళ తరబడి పనిచేసి, అతని చెవులు ఎప్పుడో సగం పోయాయి.

"నాకు వదిలెయ్ అక్కా," అన్నాడు అవతలివాడు. "బావకి తెలియకుండా కానిచ్చేస్తాను. ముందే తెలిస్తే సాగనివ్వడు."

మెకానిక్ వచ్చిన దారినే షెడ్డుకి వెళ్ళిపోయాడు.

అడ్డు ఎవరో అతనికి వేరే చెప్పక్కర్లేదు. బావమరిది సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. వాడిది బస్టాండు మెట్ల కింద బడ్డీ. ఒకడు కూర్చుంటే రెండోవాడు నిలబడలేడు. మెకానిక్ షెడ్డు మెయిన్ రోడ్డు మీద ఉంది. అందులో సగం తనకిమ్మని వాడు అడిగాడు. సగం నీకిస్తే నేను బండ్లు నెత్తిన పెట్టుకుని బాగుచెయ్యాలా అని మెకానిక్ తిప్పి పంపాడు. భార్య తమ్ముడి వైపే మాట్లాడింది. ఆ తర్వాత ఇద్దరూ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడమే అతనికి నచ్చలేదు.

దానికి తోడు ఫోను.

పని లేనప్పుడు అతను ఫోన్లో వార్తలు చదువుతాడు. నాలుగు లైన్లు చదివేలోపు, కొట్టు షట్టరు దించినట్టు ఏదో ఒక ప్రకటన దిగుతుంది. 'మీ తర్వాత మీ కుటుంబం గతేమిటి?' ఇన్సూరెన్సుది. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కబోతే, గ్రీజు వేలికి అది చిక్కదు. ఇంకో ప్రకటన తెరుచుకుంటుంది. ఇంట్లో ఉంటే ఆ చిరాకంతా భార్య మీద చూపిస్తాడు. అదీ ఇన్సూరెన్సే. ఫొటోలో మొగుడు పోయిన ఆవిడ పిల్లల మధ్య కూర్చుని నవ్వుతుంటుంది.

పంక్చరు వేయించుకోవడానికి వచ్చిన బ్యాంకు గుమాస్తాకి ఫోను చూపించాడు. ఇవి తనకే ఎందుకొస్తున్నాయని అడిగాడు.

"ఊరికే రావండీ," అన్నాడు గుమాస్తా, టైరు మీంచి చూపు తిప్పకుండా. "ఆ ఫోన్లో ఎవరో వాటి గురించి వెతికుంటారు."

అతను వెతకలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

అప్పట్నుంచి భార్య తిన్నాకే అతను కంచంలో చెయ్యి పెట్టేవాడు. ఆమె షెడ్డుకి పంపిన టీ పాత ఇంజనాయిలు డబ్బాలో పోసేవాడు. ఫోను దిండు కింద దాచుకునేవాడు. ఒకరోజు స్నానం చేసి వచ్చేసరికి అది దిండు మీద ఉంది. పెరటి గుమ్మంలో బావమరిది చెప్పులున్నాయి. తల తుడుచుకుని మళ్ళీ చూస్తే చెప్పులు లేవు. అతను ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆ ఫోను మళ్ళీ తెరవబుద్ధి కాలేదు.

పోలీసుల దగ్గరికి పోదామా అనుకున్నాడు. ఏమని చెప్తాడు? పెళ్ళాం ఓ మాట అంది, ఫోను చోటు మారింది అని చెప్తే నవ్వుతారు. పోయాక చెప్పుకుందామంటే నోరుండదు.

"ఏంటండీ, మనిషి సగమైపోతున్నారు," అంది భార్య.

"ఏం, మిగతా సగం కూడా పోవాలా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వునీ అతను లెక్కలో వేసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం, సర్వీసుకిచ్చిన బండి కోసం బావమరిది షెడ్డుకి వచ్చాడు. వెనకే భార్య. వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదట, ఇద్దరూ వెళ్ళి చూసొస్తారట. మెకానిక్ తాళంచెవి బల్ల మీద పడేశాడు. చేతికివ్వలేదు.

"బండి ఎలా ఉంది బావా?"

"ఉండాల్సినట్టే ఉంది."

"బావ చెయ్యి పడితే ఇక తిరుగుండదక్కా," అన్నాడు వాడు. బండి స్టార్టు చేసి రెండుసార్లు రయ్యిమనిపించాడు. ఆమె వెనక కూర్చుని కొంగు దోపుకుంది. మెకానిక్ తలెత్తలేదు. స్పానర్లు తుడుస్తూనే ఉన్నాడు.

ఆ రొదలోంచి ఆమె వంగి, అతని చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "ఫోన్లో వార్తలు తెరిచి చూడండి. మొన్న మీరు స్నానానికెళ్ళినప్పుడు వీడు అడ్డు తీసేశాడు. ఫోను ముట్టుకుంటే కరుస్తారని మీకు చెప్పలేదు."

బండి వెళ్ళిపోయింది.

అతనికి అర్థం కాలేదు. అడ్డు ఇక్కడే నిలబడి స్పానర్లు తుడుస్తోంది కదా. చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. వార్తలకి ఏదో కొత్త గుర్తు పెట్టారు. నొక్కాడు. నాలుగు లైన్లు చదివాడు. షట్టరు దిగలేదు. కిందికి జరిపాడు. ఇన్సూరెన్సు లేదు. నవ్వే ఆవిడ లేదు. వార్త మొదట్నుంచి చివరిదాకా, కడిగిన పలకలా ఉంది. పైన చిన్న అక్షరాల్లో ఏదో రాసుంది. ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

'ఈ పేజీలో యాడ్లు తీసివేయబడ్డాయి.'

యాడ్లు. యాడు. అతను పైకే అనుకున్నాడు, ఒకసారి మెల్లగా, ఒకసారి కుళాయి పారుతున్నట్టు ఊహించుకుని.

ఫోను నేల మీద పారేసి, ఆగమని అరుస్తూ అతను రోడ్డు మీదికి పరుగెత్తేసరికి, పొద్దుట తను చేతులారా రెండు బ్రేకు వైర్లనూ పోగుపోగుగా తెంపి ఒక్కో పోగు మాత్రమే మిగిల్చిన ఆ బండి, అక్కాతమ్ముళ్ళిద్దరితో పల్లం దిగుతోంది.