కళ్ళలో గ్యాసు

"మళ్ళీ కొట్టింది మొహాన!" అంటూ తౌనో రైఫిల్‌ని బల్ల మీద పెట్టి, జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

గురి మైదానం షెడ్డులో నిలబడ్డ మెర్వి నిట్టూర్చింది. ఆ చుట్టుపక్కల కైనూ ప్రాంతపు పల్లెల్లో తుపాకులు బాగుచేసేది ఆవిడే. ఎంత పాడైన తుపాకినైనా దారికి తెస్తుందని పేరు. ఈ ఒక్కటే లొంగడం లేదు. అది ఆమె తండ్రి విల్యోది. వసంతంలో మంచు కరుగుతుండగా ఆయన పోయాడు. పోయేముందు తుపాకిని ప్రాణస్నేహితుడు తౌనో చేతిలో పెట్టి, బురదనేల అంచున ఉన్న తన వేట మాటులో ఇకమీదట నువ్వే కూర్చోవాలని మాట తీసుకున్నాడు.

"మోత ఎలా ఉంది బాబాయ్?"

"చెప్పకు. చెవి పక్కన రేకు డబ్బా మూత ఎగిరినట్టుంది. ఏం సైలెన్సరో ఏమో! గొట్టం చివర మౌనవ్రతం, డొప్ప బయటికొచ్చే పక్క కిటికీ దగ్గర గావుకేకలు."

"సైలెన్సర్ వల్లే ఆ గొడవ. గ్యాసు ముందుకి పోయే దారి ఇరుకై వెనక్కి తన్నుకొస్తోంది. తూటా వెనక మూసి ఉంచే బోల్టు తొందరపడి తెరుచుకుంటోంది. ఖాళీ డొప్పతో పాటు గ్యాసూ, మోతా ఆ కిటికీలోంచి నీ మొహానికే."

"మీ నాన్న ఎప్పుడూ అనలేదే!"

"నీ దగ్గర అనలేదు. ఇంటికొచ్చి తిట్టేవాడు."

తౌనో నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"శనివారం వేట మొదలు. మన జట్టులో ఆ హన్ను ఏమంటున్నాడు?"

"నాన్న మాటు తనకిమ్మని రోజూ అడుగుతున్నాడు. కళ్ళు కనబడనివాణ్ణి దుప్పి ముందు కూర్చోబెట్టనని అందరి ముందూ చెప్పిందాన్ని నేనే. వేటజట్టుకి పెద్దనయ్యాక నీకో రూలు, వాళ్ళకో రూలు అంటే ఊరుకుంటారా?"

"నువ్వన్నది సబబే" అన్నాడు తౌనో మెల్లగా. "కానీ విల్యోకి మాటిచ్చానమ్మా."

"గ్యాసు దారి మీద మర ఉంది. కాస్త బిగిస్తాను."

"కాస్తేమిటి, పూర్తిగా బిగించెయ్. పీడ పోతుంది."

"పూర్తిగా మూస్తే గ్యాసూ రాదు, మోతా రాదు. కానీ బోల్టు దానంతటది తెరుచుకోదు. ఒక్కో తూటాకీ చేత్తో లాగాలి."

"అమ్మో, అలాగైతే మా తాత తుపాకే నయం. వద్దులే."

మెర్వి మర బిగించింది. బలమైన స్ప్రింగు వేసింది. వెనక సందులు మూసింది. బుధవారం మళ్ళీ ఇద్దరూ మైదానానికి వచ్చారు.

తౌనో కాల్చిన ప్రతిసారీ అతని కుడిచెయ్యి దానంతటదే బోల్టు లాగింది. వయసంతా చేత్తో లాగే పాత తుపాకులతో గడిపిన మనిషి, చెయ్యి మాట వినదు. తుపాకి తన పని తాను చేసుకున్నాక ఈయనా ఓసారి లాగడంతో పేలని మంచి తూటాలు గడ్డిలో పడుతున్నాయి. మెర్వి వంగి ఏరసాగింది. చిన్నప్పుడు నాన్న తన తుపాకిని తౌనో చేతికిచ్చినప్పుడూ ఇదే ఆమె పని. వెనకాల కాఫీ కెటిల్ దగ్గర కూర్చుని నాన్న అరిచేవాడు: "ఏరకే తల్లీ! తౌనో విత్తనాలు చల్లాడు, వచ్చే ఏడాదికి మొలుస్తాయి!" తౌనో ఉడుక్కునేవాడు. ఇద్దరూ సాయంత్రం దాకా పోట్లాడుకునేవారు. మెర్వి ఏరిన తూటాలు బల్ల మీద పోసింది.

"ఎలా ఉంది బాబాయ్?"

"మోత తగ్గింది. గ్యాసు మాత్రం అలాగే ఉంది" అన్నాడు కళ్ళొత్తుకుంటూ.

"అద్దాలు పెట్టుకోమన్నాగా?"

"పెట్టుకున్నా. లోపలికి దూరుతోంది వెధవది."

శుక్రవారం తౌనో యాలకుల బన్నులు పట్టుకొచ్చాడు. విల్యోకి ఇష్టమని ఎప్పుడూ తెచ్చేవే. చూసుకోకుండా మూడు తెచ్చాడు. మూడోదాన్ని ఏం చెయ్యాలో తోచక కాగితంలోనే చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇవాళ ఇంకోలా సరిచేశాను. కాల్చి చూడు" అంది మెర్వి.

తుపాకి మీద చెంప ఆనేచోట విల్యో కుట్టుకున్న తోలుముక్క ఉంది, అరిగి నున్నబడిపోయింది. తౌనో దాని మీద చెంప ఆనించి, గురి చూడ్డానికి పట్టేదానికన్నా ఎక్కువసేపే అలా ఉండిపోయాడు. తర్వాత కాల్చాడు. అలవాటుగా బోల్టు లాగాడు. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ లాగాడు. మెర్వి గురిపలక వైపు చూడనేలేదు, అతని మొహాన్నే చూస్తూ నిలబడింది. అయ్యాక గడ్డిలో వెతికింది. అన్నీ ఖాళీ డొప్పలే దొరికాయి.

"మోత?"

"పోయింది! కిటికీ నోరు మూసుకుంది. విల్యో కూతురివనిపించావే!"

"మరి గ్యాసు?"

తౌనో మొహం తిప్పుకున్నాడు. రుమాలు అప్పటికే తడిసిపోయింది.

"అదే తగ్గలేదమ్మా. ఇవాళ ఇంకా ఘాటుగా ఉంది." తుపాకిని ఆమె వైపు జరిపాడు. "మాటు హన్నుకే ఇచ్చెయ్. నేను మన వేట గుడిసెలో సూపు కాస్తూ కూర్చుంటాలే."

మెర్వి తుపాకి తీసి, పట్టీ అతని భుజానికే తగిలించింది.

"రేపు నాన్న మాటులో నువ్వే కూర్చుంటున్నావ్. పక్కన నేనుంటా. ఆ మూడో బన్ను కూడా తీసుకురా."

"కళ్ళు కారుతుంటే ఎలాగే?"

"కాసేపు కారనిద్దాం. ఆ రుమాలు ఇటివ్వు, నాకూ కొట్టింది."

"అంత దూరానికా! అసలు మర ఎంత బిగించావ్?"

మెర్వి ఆ రుమాలుతో కళ్ళు తుడుచుకుంది.

గ్యాసు దారిని ఆమె పొద్దున్నే పూర్తిగా మూసేసింది.