మేడ మీది పాటలు

పెందుర్తిలో గురునాథరావు ఇంటి మేడ మీద తల్లితో అద్దెకుంటున్న ఆశాజ్యోతి, చర్చి వాళ్లతో కలిసి రోజూ సాయంత్రం క్రిస్మస్ పాటలు సాధన చేసేది. నిన్న గురునాథరావు మెట్లెక్కి వెళ్లి అందరి ముందూ అరిచాడు.

"మా కొడుకు పోయి ఏడాది తిరగలేదు. మా ఆవిడ నోరిప్పి మాటాడ్డం లేదు. మీకు పండగేటి?"

పాటలు ఆగిపోయాయి.

ఇవాళ దీపాలు పెట్టే వేళకి భార్య అతని చెయ్యి పట్టుకుంది. "ఈయాల పాటలు లేవేటి?"

పది నెలల తర్వాత విన్న గొంతు. గురునాథరావు పరుగున మేడ ఎక్కాడు.

"అమ్మా, నిన్న నాను తప్పుగా మాటాడీసేను. మళ్లీ పాడండమ్మా. మా ఆవిడ అడుగుతంది."

ఆశాజ్యోతి కళ్లు తుడుచుకుంది.

"మీరు డ్యూటీకెల్లిన రోజుల్లో పిన్ని ఈ మెట్ల మీద కూకుని వినీది బాబాయ్. పాటతో పాటు పెదాలు కదిపీది. ఏదో ఒకరోజు గొంతు కలుపుతాదని, తనకోసమే తలుపులు తీసి గట్టిగా పాడీవోలం. మీకు సెప్పొద్దంది మా అమ్మ, ఆశపడతారని."



లోపల తల్లీ కూతుళ్లు పాట అందుకున్నారు. కొడుకు పోయాక ఏ దేవుడికీ మొక్కని మనిషి, సిగ్గుతో తల వంచుకునే చేతులు జోడించాడు.