కొసరు లేని బజారు

బేరాలన్నీ ఫోన్లే ఆడుకునే రోజులొచ్చాక రైతుబజారులో గొంతులు లేవడం మానేశాయి. కొసరు వేస్తే పోటీ దెబ్బతింటుందని దాన్నీ నిషేధించారు. ఆ చట్టం ఎలా నడుస్తోందో పరిశోధించడానికి హైమవతి వచ్చి, వంకాయలమ్మే సింహాచలమ్మ పక్కన కూర్చుంది.

ఫోన్లు రెండూ ధర తేల్చుకున్నాయి. సింహాచలమ్మ వంకాయలు తూచి పోస్తుంటే, గుప్పెడు కరివేపాకు కూడా జారి కొన్నావిడ సంచిలో పడింది.

"అయ్యో, చెయ్యి వణికిందమ్మా."

పక్క కొట్టావిడ చేతిలోంచి పచ్చిమిరపకాయలు జారాయి. ఎదుటాయన చేతిలోంచి కొత్తిమీర జారింది.

"అందరికీ వణుకేనా?" అంది హైమవతి.

"వయసు మీద పడింది కదమ్మా," అంది ముప్పయ్యేళ్ళ సింహాచలమ్మ.

హైమవతి తనూ వంకాయలు కొనుక్కుంది. ఇంటికెళ్ళి చూస్తే సంచిలో రెండు ములక్కాడలు కూడా ఉన్నాయి. పులుసు పెట్టుకుని తిని, నివేదిక రాసింది: "చట్టం చక్కగా అమలవుతోంది. చేతివణుకుకు మాత్రం మందు లేదు."